ఎవరూ మాటెత్తని నత్త

ముప్పై ఎనిమిదేళ్ళు నిండినా, పెళ్ళయి పదిహేనేళ్ళు గడిచినా, పుట్టింట్లో ఆమె పేరు చిన్నదే. చిన్నది వచ్చిందా, చిన్నది తిన్నదా, చిన్నదాన్ని టీ పెట్టమనండి. పెద్ద విషయం ఏదైనా వస్తే మాత్రం చిన్నదాన్ని పిలిచేవాళ్ళు కాదు. ఆమె మొగుణ్ణి పిలిచేవాళ్ళు.

ఈసారి వచ్చింది పెద్ద విషయమే. నాన్న తన నాణేల పెట్టె ఎవరికివ్వాలో తేల్చడానికి పందెం పెట్టాడు.

ఆ పెట్టె సంగతి కాస్త చెప్పాలి. పెద్దాయన ఓపిక ఉన్నన్నాళ్ళూ గడియారాలు బాగుచేసి బతికాడు. ఆ చేత్తోనే టేకు చెక్కతో నడుమెత్తు పెట్టె ఒకటి చేసుకున్నాడు. అరచేయి మందం కూడా లేని సొరుగులు, ఒక్కో సొరుగులో ఆకుపచ్చ గుడ్డ పరిచిన గుండ్రటి గుంటలు, గుంటకో నాణెం. సెలవురోజు వస్తే సొరుగులన్నీ లాగి మెత్తటి కుంచెతో దుమ్ము దులిపే పని చిన్నదానిది, ఎందుకంటే ఆ వేళ్ళు సన్నం. పెద్దకూతురు ఆ గదిలోకే వచ్చేది కాదు, చెక్కవాసనకి తుమ్ములొస్తాయని. పని మొదలెట్టేముందు నాన్న ఒకే ఒక్క మాట అడిగేవాడు. "చేతులు కడుక్కున్నావా?" వెండిమీద వేలిముద్ర పడితే పోదు. చిన్నది రెండు చేతులూ ముందూ వెనకా తిప్పి చూపించేది. తండ్రీకూతుళ్ళ ముచ్చట్లన్నీ ఆ ఒక్క ప్రశ్నలోనే అయిపోయేవి, అయినా ఆమెకు లోకంలో అంతకంటే ఇష్టమైన చోటు ఉండేది కాదు.

ఆఖరి సొరుగులో ఆఖరి గుంట ఖాళీ. దాన్ని చూపించి పెద్దాయన అల్లుళ్ళిద్దరితో అన్నాడు, "నా డెబ్బై అయిదో పుట్టినరోజుకి మీ ఇద్దరిలో ఎవరు అన్నిటికంటే తక్కువ కొట్టిన నాణెం తెచ్చి ఇందులో పెడతారో, పెట్టె వాళ్ళది."

చిన్నది అదే గదిలో కప్పుల్లో టీ పోస్తోంది. ఎవరూ ఆమెవైపు చూడలేదు. ఆమె చేతిలో కప్పు తొణకలేదు.

తక్కువ కొట్టిన నాణెం అంటే ఏమిటో తెలియనివాళ్ళకి ఓ మాట. వెండి వెండే, తూకం తూకమే. కానీ టంకశాలవాళ్ళు లక్ష కొట్టిన నాణేన్ని జనం త్రాసులో పడేస్తారు, మూడొందలే కొట్టినదాన్ని దూరంనుంచి చేతులు కట్టుకుని చూస్తారు. రెంటిలోనూ ఉన్నది అదే లోహం. తేడా అంతా ఎంతమంది దగ్గర లేదన్న దాంట్లోనే ఉంది.

పెద్దల్లుడు పళ్ళ డాక్టరు. ఆయన దగ్గర తాబేలు నాణెం ఉంది, మొత్తం కొట్టినవి మూడువందల పన్నెండు. ఆ సంగతి ఆయన తన కుర్చీలో నోరు తెరుచుకు పడుకున్నవాళ్ళందరికీ చెప్పేవాడు. నోట్లో పరికరాలుంటాయి గనుక వాళ్ళు ఎదురు చెప్పలేకపోయేవాళ్ళు. చిన్నల్లుడికి నాణేల షాపు. షాపు నిండా నాణేలే, కానీ మూడువందల పన్నెండుకి తక్కువది ఒక్కటీ లేదు. మిఠాయి కొట్టువాడి ఇంట్లో చక్కెర లేనట్టు ఉండేది ఆయన పరిస్థితి.

అయితే ఆయనకో నోరుంది. ఆ ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల ఊళ్ళలో నాణేలు పోగేసేవాళ్ళంతా ఫోన్ చేసి మరీ "మీరేమంటారు?" అని అడిగేవాళ్ళు. ఊరి చివర ఓ చిన్న ప్రైవేటు టంకశాల ఉంది. మూడు నెలలకోసారి ఓ జంతువు బొమ్మతో వెండినాణెం ప్రకటిస్తుంది. నెలరోజులు ఆర్డర్లు తీసుకుంటుంది. అయిదువేలు దాటనివ్వదు, కానీ అంతకు తక్కువ ఎన్నయినా సరే. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు ఎన్ని అడిగితే అన్నే కొట్టి, అందరి ఎదురుగా అచ్చు పగలగొట్టి, లెక్క ప్రకటిస్తుంది. ఆ తర్వాత తలకిందులుగా తపస్సు చేసినా ఇంకొకటి రాదు.

షాపాయన ఆ రాత్రి భోజనం దగ్గరే పథకం వేశాడు.

"చూడవే, ఈసారి కొంగ బొమ్మ వస్తోంది. దాన్ని నేను ఎడాపెడా తిడతాను. ఎవరూ కొనరు. మనం మాత్రం తీసుకుంటాం. రెండొందలు కూడా కొట్టరు. మీ బావగారి తాబేలు బోర్లా పడుతుంది."

"జనం మీ మాట నమ్ముతారంటారా?" అంది చిన్నది.

"నన్ను నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతారే?"

నెలంతా తిట్టాడు. దాని కాళ్ళు చూశారా, ఒంటెకు అతికించాల్సినవి. ఆ ముక్కేమిటి, పంటి డాక్టరు పట్టకారులా. కౌంటరు వెనక కూర్చుని ప్లాస్టిక్ డబ్బీల్లో నాణేలు సర్దుతున్న చిన్నది జనం మొహాలు చూస్తూనే ఉంది. వాళ్ళు తలూపేవాళ్ళు, బయటికెళ్ళి మెట్లమీద గుసగుసలాడుకునేవాళ్ళు. అమ్ముకునేవాడే తిడుతున్నాడంటే లోపల ఏదో మతలబుంది, తనొక్కడే మింగేద్దామని చూస్తున్నాడు. ఒకటి కొందామని వచ్చినవాడు నాలుగు రాయించుకుని పోయాడు. పళ్ళ డాక్టరైతే ఏకంగా యాభై. నెల తిరక్కముందే అయిదువేలూ నిండిపోయాయి. షాపాయన తీసుకున్న నలభై కొంగలూ గాజు అలమరలో ఒంటికాలిమీద నిలబడి ఆయన్నే చూశాయి.

తాను ఒకటి తలిస్తే దైవం ఒకటి తలిచింది. సరే, దీనికీ విరుగుడుందన్నాడాయన. "తిడితే కొంటున్నారుగా? ఈసారి గుడ్లగూబని ఆకాశానికెత్తేస్తాను. వదిలించుకోవడానికి పొగుడుతున్నాడనుకుని ఒక్కడూ ముట్టడు."

తిరకాసు ఎక్కడొచ్చిందంటే, అయిదువేలు కొట్టడంతో ఈలోపు కొంగ ధర వెండిధరకి పడిపోయింది. జనం ముక్కుమీద వేలేసుకున్నారు. అయ్యో, ఆయన చెవినిల్లు కట్టుకుని మరీ చెప్పాడు, వద్దని. మనమే పాపిష్టివాళ్ళం, అంత నిజాయితీపరుణ్ణి అనుమానించాం. దాంతో షాపాయన గుడ్లగూబని పొగడ్డం మొదలెట్టీ పెట్టగానే వీధి చివరిదాకా వరస. ఒకాయన చేతులు పట్టుకుని, "ఇంకెప్పుడూ మీ మాట కాదనను" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పొగడొద్దనుకున్నా ఇప్పుడు మానలేడు, మానితే ఏదో జరిగిందనుకుంటారు. పొద్దున్నుంచి షట్టరు దించేదాకా పొగుడుతూనే ఉన్నాడు. అయిదువేల గుడ్లగూబలు. ఆఖరికి ఆయన గొంతు పోయింది.

పూర్తిగా పోయింది. గొంతు డాక్టరు చూసి, మూణ్ణెల్లు గుసగుసలు కూడా ఆడొద్దని చెప్పాడు. పదిహేనేళ్ళలో మొదటిసారి చిన్నది తన షాపులో సీలింగు ఫ్యాను చప్పుడు వింది.

ఆయన ఇంకా అలా ఉండగానే టంకశాలనుంచి మూడో జంతువు బొమ్మ వచ్చింది. నత్త.

చిన్నది ఆ బొమ్మ కాగితాన్ని గాజుతలుపుకి అంటించి, కాస్త దూరం జరిగి చూసింది. బాగుంది. మామూలు బాగుండడం కాదు, ఆ మూడిట్లో ఇదే బాగుంది. గుల్లమీద చుట్టు తర్వాత చుట్టు సన్నబడుతూ పోతోంది, గుండుసూదుల్లాంటి రెండు కొమ్ములు, వెనకాల నడిచిన జాడ. చెక్కినవాడెవడో ప్రాణం పెట్టి చెక్కాడు. షాపాయన మాత్రం మెడకి మఫ్లరు చుట్టుకుని, ఎటూ తిట్టలేక, ఎటూ పొగడలేక, గోడకేసి కూర్చున్నాడు. బొమ్మవైపు తలైనా తిప్పలేదు. పెట్టె ఎలాగూ తోడల్లుడి పాలైపోయిందని ఆయన లెక్క.

ఫోన్లు మొదలయ్యాయి.

"ఏమ్మా, ఈ నత్త గురించి ఆయనేమన్నారు?"

"ఏమీ అనలేదండీ," అంది చిన్నది. అక్షరాలా నిజం.

"బాగాలేదన్నారా?"

"లేదండీ."

"పోనీ, బాగుందన్నారా?"

"అలా కూడా అనలేదండీ."

అవతలివాళ్ళు మెల్లగా ఫోన్ పెట్టేసేవాళ్ళు. తిడితే ఓ అర్థం, పొగిడితే ఓ అర్థం. ఏమీ అనకపోతే దానికి అర్థం తీయడం వాళ్ళకి చేతకాలేదు. షాపులోకి వచ్చినవాళ్ళు ఆయన మొహంలోకి చూసి, ఆయన చూపు ఎక్కడుందో చూసి, అక్కడ ఒట్టి గోడే ఉంటే వెళ్ళిపోయేవాళ్ళు. అక్క కూడా ఫోన్ చేసింది, వెనకనుంచి పళ్ళ డాక్టరు అందిస్తున్న మాటలు వినబడుతూనే ఉన్నాయి. "మీ ఆయన ఏమన్నాడే?"

"ఏమీ అనలేదక్కా."

"అంటే ఏం లేదన్నమాట," అని అటు తిరిగి చెప్పింది అక్క.

ఇన్ని ఫోన్లలో, ఇంతమంది జనంలో ఒక్కరంటే ఒక్కరు, నీకెలా అనిపించిందమ్మా అని చిన్నదాన్ని అడగలేదు. పదిహేనేళ్ళుగా ఆ నాణేల్ని అంచులు పట్టుకుని ఎత్తి సర్దుతున్న మనిషి ఎదురుగానే ఉంది. పెరటిచెట్టు మందుకు పనికిరాదు మరి. అడిగితే చెప్పేది. అడగలేదు కాబట్టి డబ్బీలు సర్దుకుంది. ఆ ఊరుకోవడంలో ఆమెకు మొదట్లో కాస్త ఉక్రోషం ఉండేది, రోజులు గడిచేకొద్దీ అది తమాషాగా మారింది. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదని ఊరికే అనలేదు పెద్దలు. గడువు ముగిసే రోజు సాయంత్రం ఒక నత్తకి ఆర్డరు ఇచ్చింది, తన కోసం. మొగుడికి చెప్పలేదు. ఆయన అడగలేదు. అడగడానికి ఆయనకి గొంతూ లేదు.

పెద్దాయన పుట్టినరోజు వచ్చింది. కేకు కోయడం అయింది. అందరూ పెట్టె చుట్టూ చేరారు. పళ్ళ డాక్టరు మఖ్‌మల్ డబ్బాలోంచి తాబేలుని తీసి, "మూడువందల పన్నెండు మామగారూ," అన్నాడు, ఎవరూ ఎప్పుడూ విననట్టు. షాపాయనకి ఆ వారమే గొంతు తిరిగొచ్చింది కానీ, వాడడానికి సందర్భమే లేదు. కుక్కిన పేనులా గుమ్మం పక్కన నిలబడ్డాడు.

"ఇంకేముంది," అని పెద్దాయన తాబేలుకోసం చెయ్యి చాపాడు.

"ఒక్క నిమిషం నాన్నా," అంది చిన్నది.

వంటింట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. హ్యాండ్‌బ్యాగులోంచి డబ్బీ తీసి, మూత విప్పి, నాణేన్ని అంచులు పట్టుకుని ఆఖరి సొరుగులో ఆఖరి గుంటలో పెట్టింది. అది అందులో కొలిచి చేసినట్టు కూర్చుంది.

"ఏమిటిది?" అన్నాడు పెద్దాయన.

"నత్త."

"ఎన్ని కొట్టారు?"

"ఎనభై ఏడు. నిన్ననే అచ్చు పగలగొట్టి లెక్క చెప్పారు."

పళ్ళ డాక్టరు నోరు తెరుచుకుంది. ఆయన కుర్చీలో పడుకునేవాళ్ళు చూసి ఉంటే కడుపు నిండేది. పెద్దాయన భూతద్దం కంటికి పెట్టుకుని చాలాసేపు వంగి చూశాడు. లేచి షాపాయన భుజం తట్టాడు.

"భలేవారే అల్లుడుగారూ. గుట్టు చప్పుడు కాకుండా కొట్టారు దెబ్బ. పెట్టె మీదే."

షాపాయన నోరు తెరిచాడు. చిన్నది ఆయన్నే చూస్తోంది. లోకం మీదున్న ప్రతి నాణేనికీ కథ కట్టగల మనిషి, ఇంత చక్కగా అమర్చిన అవకాశం, పైగా గొంతు కూడా బాగుంది. ఆ ఒక్క క్షణంలో పెట్టె పోవడం కంటే, ఈయన అబద్ధమాడితే ఇక ఈయనతో ఎలా ఉండడమా అని భయమేసింది ఆమెకి.

"నాది కాదు మామయ్యగారూ," అన్నాడాయన. "నేను దానివైపు చూడను కూడా చూడలేదు. అది మీ చిన్నదానిది."

పదిహేనేళ్ళలో ఆయన మాట్లాడిన మాటల్లో చిన్నదానికి నచ్చింది అదే.

పెద్దాయన తికమకపడ్డాడు. "కానీ నేను అల్లుళ్ళలో అన్నాను కదా."

"అన్నావు నాన్నా. నా గురించి మాత్రం ఏమీ అనలేదు." నవ్వుతూనే మొదలెట్టి, సొరుగు మీద చెయ్యి వేసింది. "ఈ సొరుగులన్నీ దులిపింది నేను. పెట్టె ఎవరికివ్వాలో మాట్లాడుకుంటుంటే పక్కనే టీ పోసింది నేను. నాకు కావాలేమోనని నీకు తట్టనే లేదు."

"కావాలని నువ్వెప్పుడూ చెప్పలేదేమే?"

"అడిగితే చెప్పేదాన్ని."

పెద్దాయన జేబులోంచి తాళంచెవి తీశాడు. దాన్నోసారి చూసుకుని, చిన్నదాని అరచేతిలో పెట్టి, ఆ వేళ్ళని తనే మూశాడు.

పళ్ళ డాక్టరు మాత్రం ఉండబట్టలేక అడిగేశాడు. "అది కాదమ్మా, ఇంత తక్కువ కొడతారని నీకెలా తెలిసింది?"

"ఎవరూ దాని మాటెత్తలేదు బావగారూ. అందుకని దానివంక చూశాను."

షాపాయన అప్పుడే గుమ్మం దగ్గర కదిలాడు. కళ్ళు మెరుస్తున్నాయి. "ఏమే, రేపు షాపు తెరవగానే ఈ ఎనభై ఏడు సంగతి..."

"మీకింకా గొంతు పూర్తిగా నయం కాలేదండీ," అంది చిన్నది. ఆయన మఫ్లరు సర్దుకున్నాడు.

ఈలోగా పెద్దాయన మళ్ళీ సొరుగు మీదికి వంగాడు. ఆ గుల్లమీది చుట్లు దగ్గరగా చూడాలనిపించింది కాబోలు, కేకు తిన్న వేళ్ళు నత్తవైపు సాగాయి.

"నాన్నా," అంది చిన్నది. "చేతులు కడుక్కున్నావా?"

పెద్దాయన చెయ్యి గాల్లోనే ఆగింది. కూతురి మొహంలోకి చూశాడు. కుళాయి దగ్గరికి నడిచి, సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని వచ్చి, రెండు చేతులూ ముందూ వెనకా తిప్పి చూపించాడు.