నీలం జొన్నలు

జొన్నలు కొన్నవాడు కడుక్కుంటాడు. అమ్మేవాడు కడగడం నేను ఆ రోజే చూశాను.

పోలీసు చర్య జరిగి తొమ్మిది నెలలైంది. మోండా మార్కెట్ వెనక, కుళ్లిన వంకాయల కుప్ప పక్కన, పురుషోత్తం సేటు గోదాము పెరడు. అక్కడ ఇద్దరు మనుషులు తొట్టిలో జొన్నలు పోసి కాళ్లతో తొక్కుతున్నారు. తొట్టిలో నీళ్లు నీలంగా ఉన్నాయి. మోరీలోకి పారిన ఆ నీళ్లు తాగిన కుక్క గోడ పక్కన కక్కుతోంది. సేటు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంకో రెండు నీళ్లు పొయ్యి. రంగు కనబడొద్దు," అన్నాడు.

నేను రైల్వేలో ఫిట్టర్‌ని. పేరు దేవానందం. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల లైన్లలో ఉంటాను. మా లైన్లలో రేషన్ జొన్నరొట్టె తిన్నవాళ్లంతా మూడు రోజులుగా వాంతులతో మెలికలు తిరుగుతున్నారు. నా భార్య మార్త గోడ పట్టుకుని నడుస్తోంది. ఆ జొన్నలు ఎక్కడివని అడుగుతూ అడుగుతూ ఇక్కడిదాకా వచ్చాను.

గోదాము ముందరి వాకిట్లో హమాలీల మేస్త్రీ మౌలా అలీ తన రెండు చేతులూ నా ముందు చాపాడు. గోళ్ల సందుల్లో, అరచేతి గీతల్లో నీలం పేరుకుని ఉంది.

"కడుగుతనే ఉన్న, దేవానందం భాయ్. మళ్లా బస్తా లేపితే మళ్లా గిదే. ఏడ గీసుకపోతే ఆడ మంట. సేటునడిగితే సంచి రంగు అంటడు."

ఆ మాట పూర్తికాకముందే వీధి మలుపులో ఒక గుంపు కనిపించింది. ఇరవై మందికి పైగా ఉంటారు. మోకాళ్లదాకా దుమ్ము. ముందు నడుస్తున్న నడివయసు ఆడమనిషి లచ్చమ్మ. నేరుగా వచ్చి మౌలా అలీ చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.

"ఇవి మా ఇత్తులే. ఎవ్వలన్న తిన్నరా?"

"తిన్నరక్కా," అన్నాను. "మా లైనంత తిన్నది."

ఆమె అక్కడే, ఆ వాకిట్లోనే కూలబడింది.

వాళ్లది ఎర్రమడుగు. బస్తాల జాడ అడుగుతూ నడిచి వచ్చారు. బండి బాట కూడా లేని ఊరు. నలభై గడపలు. ప్రతి ఏడూ విత్తనానికి దొర గడి మెట్లెక్కాలి. గంప తెచ్చుకుంటే రెండు గంపలు కొలవాలి, పైగా వెట్టి. నాలుగేళ్ల కింద ఆడవాళ్లు ఒక కట్టు పెట్టుకున్నారు. కోతకు ముందే చేలో తిరిగి మంచి కంకులు ఏరి, ఇంటికి అరగంప చొప్పున ఒకే పాతరలో పోయాలి. కులమేదైనా, మతమేదైనా పాతర ఒకటే. రెండు పంటలు తిరిగేసరికి గడి మెట్ల మీద గడ్డి మొలిచింది. వెట్టికి పిలిస్తే వెళ్లేవాడు లేడు.

నిరుడు కాటుక తెగులు సగం పంట తినేసింది. వడ్రంగి బ్రహ్మచారి ఎక్కడో అడిగి తెలుసుకుని మైలుతుత్తం అనే నీలి విషపు మందు తెచ్చాడు. మృగశిర కార్తెకు ముందే, మొత్తం విత్తనాన్ని ఆ నీలి నీళ్లలో ముంచి నీడన ఆరబెట్టారు.

"ఒక్క గంపన్న పక్కకు దాయలే," అంది లచ్చమ్మ. "అందరిది ఒక్కటే పాతరంటిమి. ఎవ్వలింట్ల వాళ్లు దాస్కుంటే అది దొంగతనమనుకున్నం. మా పిచ్చి గది."

ఆ వారమే, ఊరొదిలి పోయిన దొర తిరిగి వచ్చాడు. నిరుడు రజాకార్లకు విందులు పెట్టినవాడు ఇప్పుడు ఖద్దరు టోపీ పెట్టుకుని, వెనక పోలీసులను పెట్టుకుని దిగాడు. పాతర కమ్యూనిస్టులు దోచిన ధాన్యమన్నాడు. పదహారు బస్తాలు ఎత్తించాడు. బ్రహ్మచారి అడ్డం పడి, "దొరా, మందు పెట్టిన ఇత్తులు, తింటే సస్తరు," అని కాళ్లు పట్టుకున్నాడు.

దొర ఆ చేతులను తన్ని నవ్వాడట.

"నేను తింటనారా? పట్నపోళ్లు తింటరు."

ఒక ఊరి పంటను చంపి, ఆ చంపిన చేత్తోనే ఇంకో ఊరి నోట్లో పెట్టాడు. లెవీ పేరుతో ఆ బస్తాలు దించుకున్న సేటుకూ అంతా తెలుసు. తెలిసే కడిగిస్తున్నాడు.

నాలుగు బస్తాలు అప్పటికే రేషన్‌కు పోయాయి. తొట్టిలో పోసిన ఒక్క గంప తప్ప మిగిలిన పన్నెండూ గోదాములో ఉన్నాయి. కార్తె మొదలైంది. తూర్పున మబ్బు పడుతోంది. నాలుగు రోజుల్లో గింజ మట్టిలో పడకపోతే నలభై గడపలూ మళ్లీ గడి మెట్లెక్కాలి.

హమాలీలు, కూరగాయలమ్మేవాళ్లు, నా వెనకే వచ్చిన మా లైన్లవాళ్లు చుట్టూ మూగారు. వాదన మొదలైంది.

"తీస్కపోయి హుస్సేన్ సాగర్ల పారబోద్దాం," అన్నాను. "ఇంకొకడు తినకముందే."

లచ్చమ్మ లేచి నిలబడింది. "పారబొయ్యి తమ్మీ. మీ కడుపులు బతుకుతయి. మా కడుపులు?"

అల్లాఉద్దీన్ అనే హమాలీ ముందుకొచ్చాడు. "మేం ఎందుకు మొయ్యాలె? పోయినేడు టోపీ పెట్టుకున్నోడల్లా రజాకారే అన్నరు మీరు. మా అన్న బీదర్‌ల సచ్చిండు. ఎవ్వడొచ్చిండు అడ్డం?"

ఊరివాళ్ల వెనక నుంచి ఒక ముసలామె నెమ్మదిగా ముందుకొచ్చింది. దూదేకుల ఖమర్ బీ.

"నా ఇల్లు సుత కాలబెడ్తమని వచ్చిన్రు, బేటా. ఈ లచ్చమ్మ గుమ్మంల పండుకున్నది, నన్ను దాటి పొమ్మని. నా అరగంప సుత గా బస్తాలల్లనే ఉన్నది. నీకు ఇష్టం లేకుంటే పక్కకు జరుగు. నేనే మోస్త."

అల్లాఉద్దీన్ ఆమె వంగిన నడుమును చూశాడు. తలపాగా తీసి భుజం మీద వేసుకున్నాడు.

"నువ్వు మోస్తే బస్తా కింద నిన్నే ఎతుకాలె, నానీ. జరుగు."

పట్టపగలు, సేటు కళ్లముందే, పన్నెండు బస్తాలు గోదాము దాటాయి. మార్కెట్ బండ్లు రెండు నిండాయి. సేటు అరిచాడు, తిట్టాడు, చివరికి ఫోను దగ్గరికి పరిగెత్తాడు. ఖమర్ బీని ముందు బండి ఎక్కించి మెట్టుగూడ వైపు తోలించాం. మేం అక్కడే ఉండిపోయాం. పోలీసులకు పట్టుకోవడానికి ఎవరో ఒకరు దొరకాలి కదా.

వ్యాను వచ్చింది. ఇన్‌స్పెక్టరు లాఠీతో బూటును కొట్టుకుంటూ దిగాడు.

"సర్కారు లెవీ ధాన్యం లూటీ చేసింది ఎవరు?"

సేటు ముందుకు ఉరికాడు. "చేతులు చూడండి సాబ్. బస్తా పట్టినోడి చేతికి నీలం అంటుతది. నీళ్లతోటి జల్ది పోదు."

"సేటూ," అన్నాను. "తినే జొన్నలైతే నీలమెందుకు అంటుతది?"

ఇన్‌స్పెక్టరు ఆ ప్రశ్న విన్నాడు. విని, పక్కకు తిరిగి, జవాన్లతో అన్నాడు: "నీలం చేతులున్న ప్రతివాణ్నీ ఎక్కించండి."

మొదట మౌలా అలీని పట్టుకున్నారు. అల్లాఉద్దీన్‌ను జుట్టు పట్టి లాగారు. అప్పుడు లచ్చమ్మ నడిచి పెరట్లోకి వెళ్లింది. ఆ కంపు తొట్టిలో మోచేతులదాకా ముంచి, వచ్చి ఇన్‌స్పెక్టరు ముందు చాపింది.

"నావి సుత చూడు."

ఆమె వెనక ఎర్రమడుగు మొత్తం వెళ్లింది. తర్వాత మా లైన్లవాళ్లు. నిలబడలేని మార్త ఎప్పుడొచ్చిందో, మనిషిని పట్టుకుని మనిషిని దాటుకుంటూ తొట్టిదాకా పోయింది. కొత్తిమీర అమ్మే అనసూయమ్మ తన గంప దించి, "జెర జరుగుండ్రి, నాకు జాగ ఇయ్యుండ్రి," అంటూ చొరబడింది. ఎటు చూసినా నీలం చేతులే. జవాన్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వ్యాను ఒక్కటే.

పదిహేను మందిమి ఎక్కేసరికి అది నిండిపోయింది. అదే వ్యానుతో బండ్ల వెంట పడ్డారు. మెట్టుగూడ దాటాక రైలు గేటు మూసి ఉంది. అవతల, బాట మలుపులో, రెండు బండ్ల వెనకభాగం కనిపిస్తోంది. పట్టాల మీద రైలు లేదు.

"గేటు తియ్‌రా," అరిచాడు ఇన్‌స్పెక్టరు.

గేటుమన్ అబ్రహాం జేబులు తడుముకున్నాడు. "తాళంచెవి కనబడ్తలేదు సార్. గిప్పుడే ఉండె. దేవుళాడుతున్న."

అబ్రహాం మా లైన్లవాడే. రెండు రోజులు వాంతులు చేసుకున్నవాడే. అర్ధగంటసేపు తాళంచెవి వెతికాడు. ఒకసారి దాని మీదే నిలబడి వెతికాడు. వ్యాను మీద చినుకులు టపటపా మొదలయ్యాయి. మలుపులో బండ్లు కనిపించడం మానేశాయి.

సాయంత్రం లాకప్పులో తలా ఒక రొట్టె పెట్టారు. జవాను బొక్కెనతో నీళ్లు తెచ్చి, "చేతులు కడుక్కుని తినండి," అన్నాడు.

పొద్దుటి నుంచి ఎవరి కడుపులోనూ ఏమీ లేదు. అల్లాఉద్దీన్ బొక్కెన వైపు వంగాడు.

"కడుగకు కొడుకా," కటకటాల అవతల ఆడవాళ్ల గది నుంచి లచ్చమ్మ గొంతు వినిపించింది. "గవి తినే జొన్నలు కావని కచ్చేరిల జడ్జికి చూపియ్యాలె. సేటు నోటితోని చెప్పిన సాక్ష్యం గది."

అల్లాఉద్దీన్ తన చేతులను చూసుకున్నాడు. బొక్కెనను కాలితో వెనక్కి నెట్టాడు.

ఆ విషపు చేతులతో తినలేక, రొట్టెలు వచ్చినవి వచ్చినట్టే తిరిగి వెళ్లాయి. బయట వాన పెద్దదైంది. ఠాణా గేటు ముందు, ఆ వానలో, మార్కెట్ జనం నిలబడి ఉన్నారు. చేతులు తడవకుండా అందరూ చంకల్లో దాచుకున్నారు.