గదికి నలుగురు

టేపు కొసను గోడమూలకి అదిమిపట్టి, "లాగండి సార్" అంది టేపమ్మ. కొలతలకొచ్చిన సారు రెండో కొసతో రెండడుగులు వెనక్కి వేసేసరికి అవతలి గోడ వీపుకి తగిలింది. ఆ వాడలో గదులన్నీ అంతే. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, గోడల సున్నం భుజాలకి అంటించుకుంటూ ఆమె చాలాకాలంగా చేస్తున్న పని ఇదే. అసలు పేరు ఇంట్లోవాళ్లే మర్చిపోయారు.

గదికి నలుగురు దాటితే తలుపు మీద ఎర్రగుర్తు పడుతుంది. పడిందంటే ఇల్లు ఖాళీ చేయాల్సిందే. అందుకే ఏ సందుకి కొలతల రోజైతే ఆ సందులోని ముసలివాళ్లంతా పొద్దున్నే బస్టాండుకి పోయి ప్రయాణికుల్లా కూర్చునేవారు. అది ఆమెకి తెలుసు. దిండ్లు గుట్టగా ఉన్న గదిలో ముగ్గురమేనని ఎవరైనా చెబుతుంటే తల వంచుకుని టేపు చుట్టుకునేది.

ఇవాళ ఆమె సందు వంతు. వారంగా ఆయాసపడుతున్న అత్తగారిని తెల్లవారుతూనే మిగతా ముసలివాళ్లతో బస్టాండుకి బయల్దేరదీసింది. ముసలావిడ నవ్వింది.

"ఒంగిపోయాను కదే, నన్ను సగం మనిషి కింద రాసుకోమను."

"గట్టిగా మాట్లాడకండి అత్తయ్యా. సాయంత్రం నేనొచ్చి తీసుకొస్తాను."

మధ్యాహ్నానికి తన గుమ్మమే వచ్చింది. తన ఇంట్లో తనే మోకాళ్ల మీద కూర్చుని టేపు పట్టుకుంది. ఎంతమందని సారు అడిగితే మొగుడు, ఇద్దరు పిల్లలు, తను అని చెప్పింది. ఆయన చూపు తలుపు వెనక్కి పోయింది.

"ఆ చేతికర్ర ఎవరిదమ్మా?"

కర్ర లేకుండా అత్తయ్య అంతదూరం ఎలా నడిచింది?

"ఎలుకల కోసమండి."

ఆయన కర్రని చూశాడు, ఆమెని చూశాడు. పక్కింటివైపు కదిలాడు. తలుపు మీద గుర్తు పడలేదు. ఒక్కసారి వెళ్లొస్తానని ఆమె అడగాలనుకుంది. ఎక్కడికంటే ఏం చెప్పాలి? ఆ తర్వాత ప్రతి గదిలోనూ టేపు కొస చేజారుతూనే ఉంది.

పని అవుతూనే బస్టాండుకి పరుగు తీసింది. సందులోని ముసలివాళ్లు ఎదురొస్తున్నారు. ఒక్కరూ ఆమె ముఖంలోకి చూడలేదు.

బస్టాండులో టీ అమ్మే ఆవిడ చెప్పింది. ఎండవేళ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. ఎవరి తాలూకని ఎంత అడిగినా చుట్టూ ఉన్నవాళ్లు నోరు విప్పలేదట. దిక్కులేని మనిషని ఆస్పత్రి బండిలో తీసుకుపోయారు.

"నువ్వేమవుతావమ్మా ఆవిడకి?"

"కోడల్ని" అంది.

"నువ్వేనా? పక్కచోట ఎవర్నీ కూర్చోనివ్వలేదు. మా కోడలొస్తుంది, జరగండి జరగండి అంటూనే ఉంది."

సిమెంటు బల్ల మీద, ఒక మనిషి పట్టే చోట, ముసలావిడ చేతిరుమాలు పరిచి ఉంది. ఎగిరిపోకుండా దాని మీద చిన్న రాయి.