పగలడమే నా పని

నేను ఒక గాజు పట్టీని. జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు. గాజుగా పుట్టిన ప్రతిదాన్నీ జాగ్రత్త, జాగ్రత్త అంటూ చేతుల్లో మోస్తారు. నాకు మాత్రం పగలడమే పనిగా అప్పగించారు. ఆ ఒక్క పనినీ మనుషులు నన్ను సరిగ్గా చేయనివ్వలేదు.

మొదట్లో నేను నగర శివార్లలోని మిల్లు కాలనీలో, మిఠాయి దుకాణంలో పెద్ద అద్దాన్ని. జిలేబీల ముందు నిలబడి, ముక్కులు ఆనించి చూసే పిల్లల ఊపిరి ఆవిరంతా మోసేదాన్ని. కాలనీ కింద భూమిలోంచి రైలు పోతుందనీ, అక్కడే స్టేషన్ కడతారనీ తేలాక మొట్టమొదట పోయింది ఆ దుకాణమే. స్టేషన్‌లోకి దిగే మెట్లు సరిగ్గా జిలేబీ మూకుడు ఉన్నచోటే రావాలట. అద్దాల గౌస్ నన్ను కొనుక్కుపోయి, గీతలు గీసి, పట్టీలు పట్టీలుగా విరిచాడు. నొప్పి సంగతి అడక్కండి. ఆ పట్టీలన్నీ రైలు ఆఫీసువాళ్లు పట్టుకుపోయారు.

కాలనీవాళ్లకు నచ్చజెప్పే ఉద్యోగం హైమావతి అనే అమ్మాయిది. ఫంక్షన్ హాల్లో మీటింగు పెట్టి, చాయ్ బిస్కెట్లు ఇచ్చి, కింద సొరంగం తవ్వుతుంటే పైన చెంబులో నీళ్లు కూడా కదలవని బొమ్మలు చూపించి చెప్పింది. జనం శ్రద్ధగా విన్నారు. విన్నాక, బోర్లు ఎండిపోతాయా, బోనాలకు రోడ్డు తెరుస్తారా, బిస్కెట్లు ఇంకా ఉన్నాయా అని అడిగారు. పాపం, ఆ పిల్ల కావాలని అబద్ధమాడలేదు. తనకు చెప్పిందే తను చెప్పింది.

తవ్వకం మొదలయ్యే ముందు ఇల్లిల్లూ తిరిగి, గోడల్లోని పాత పగుళ్ల మీద మమ్మల్ని అడ్డంగా అతికించారు. ఆ కొసకో ప్లాస్టర్ ముద్ద, ఈ కొసకో ముద్ద. గోడ కదిలితే పగులు విచ్చుకుంటుంది, మేం పటుక్కున విరుగుతాం. అప్పుడు ప్రమాదం ఉందని తెలుస్తుంది. నన్ను బాలమణి ఇంట్లో, వంటింటికి పోయే దారి గోడకు పెట్టారు.

“ఇది పగిలితే వెంటనే ఫోన్ చెయ్యండమ్మా. మిమ్మల్ని కిరాయి ఇంటికి మారుస్తాం. ఖర్చంతా ఆఫీసుదే” అంది హైమావతి.

ధైర్యం చెబుతున్నానని ఆమె అనుకుంది. గాజు పగిలిందంటే ఇల్లు విడిచిపోవాల్సిందేనని కాలనీ అనుకుంది. ఇక చూడాలి మాకు జరిగిన మర్యాదలు. కొందరు పసుపు రాసి బొట్టు పెట్టారు. గోడ దగ్గర బంతాట ఆడిన పిల్లల వీపులు మోగాయి. వెనక వీధి సత్తయ్య ఒక్కడే కిరాయి ఫ్లాటు మీద మోజుపడి తనింటి పట్టీని సుత్తితో కొట్టాడు. గోడ నిక్షేపంగా ఉండటంతో నలుగురిలో నవ్వులపాలయ్యాడు.

బాలమణి భయం వేరు. ఆమె పెనిమిటి మల్లేశానికి షుగరుతో రెండు కళ్లూ పోయాయి. అయినా ఆ ఇంట్లో తిరుగుతుంటే చూపు లేదని ఎవరూ అనుకోరు. గోడకు వేళ్లు ఆనించి మంచం దగ్గర్నుంచి వంటింటికి, అక్కడినుంచి పెరట్లో నల్లా దగ్గరికి చకచకా పోతాడు. పొద్దున్నే చాయ్ పెట్టి ఆమెను లేపేది ఆయనే. తెలియని ఇంట్లో పడేస్తే మంచానికే అంటుకుపోవాలి. 

కొన్నాళ్లకు నేల కిందినుంచి సొరంగం తవ్వే యంత్రం మూలుగు మొదలైంది. నా ఒళ్లంతా బిగుసుకుపోయింది. ఇవాళో రేపో విరుగుతాననగా, మల్లేశం స్నానానికి వెళ్లిన వేళ బాలమణి చాకు తెచ్చి నా ఒక కొసనున్న ప్లాస్టర్ గీకేసింది. బదులుగా కొవ్వొత్తి మైనం మెత్తి, పైన సున్నం పూసింది. “ఏమనుకోకు తల్లీ. ఆయనకు ఈ గోడలే కండ్లు” అంది నాతో.

అప్పటినుంచీ పగులు విచ్చుకుంటూ పోయింది, మైనం జరుగుతూ పోయింది, నేను చెక్కుచెదరలేదు. హైమావతి వచ్చినప్పుడల్లా గుమ్మంలోంచి నన్ను చూసి, బాగుందని సంతోషపడి వెళ్లేది. బాలమణి రోజూ ఆ గోడ కిందే చాప పరుచుకుని పడుకునేది. నోరుంటే అరిచి చెప్పేదాన్ని. అంత దిక్కుమాలిన బతుకు నాకు మునుపెన్నడూ లేదు.

ఒకనాడు పొద్దున చాయ్ పెట్టడానికి పోతూ మల్లేశం నా దగ్గర ఆగాడు. నా పక్కన పగుల్లో ఆయన వేలు దూరింది. నా కొసలు రెండూ తడిమాడు. ఒకటి గరుకు, ఒకటి నున్నన. గోటితో గీకి వాసన చూశాడు. కింద చాప మీద నిద్రపోతున్న పెళ్లాం ఊపిరి వింటూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత అరచెయ్యి నా నడుం మీద పెట్టి బలంకొద్దీ నొక్కాడు.

చప్పుడుకు బాలమణి లేచింది. ఆయన చేతినిండా రక్తం.

“ఏం పని చేసినవయ్యా?”

“పలిగింది. ఆ మేడంకు ఫోన్ చెయ్యి.”

“పలగలే. నువ్వు పలగ్గొట్టినవ్.”

“ఈ గోడ కిందనే పంటున్నవ్ గదనే. ఎప్పుడు పడ్తదో ఏమో.”

“ఆడ నువ్వెట్ల తిరుగుతవ్?”

“తిరగ. కూసుంట.”

హైమావతి పరుగున వచ్చింది. పగుల్లో తన వేలు కూడా పెట్టి చూసి తెల్లబోయింది. ఆ రోజే వాళ్లను మూడో అంతస్తు ఫ్లాటుకు మార్చారు. నాలో చిన్న ముక్క గోడకే ఉండిపోయింది. పెద్ద ముక్కను మల్లేశం రుమాలులో చుట్టి తెచ్చుకున్నాడు. ఇప్పుడు నేను ఆ ఫ్లాటు కిటికీలో ఉన్నాను.

కాలనీలోని వాళ్ల పాత ఇంటి పునాదే కుంగిందట, మొత్తం కూల్చక తప్పలేదట. హైమావతి వచ్చి, వాకిట్లోనే నిలబడి, గొంతు తగ్గించి బాలమణికి చెప్పింది. బాలమణి వెళ్లి ఖాళీ జాగా చూసొచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, కూరగాయలకు పోయొచ్చానని మొగుడితో చెప్పింది.

మల్లేశం అన్నట్టే కూర్చున్నాడు. మంచం మీద, మోకాళ్ల మీద చేతులతో. ఆ వేళ్లు మాత్రం కదులుతూనే ఉండేవి. ఓసారి బాలమణి ఆయన చెయ్యి పట్టుకుని గోడకు ఆనించింది.

“గిది బాత్రూం దిక్కు. నేర్చుకోరాదు?”

ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. “ఇయ్యాల గాకుంటె రేపు మనింటికి పోతం. రెండిండ్లు నెత్తిల వడితే కలిసిపోతయే. అది మర్చిపోత.”

అప్పుడు నాకు అర్థమైంది, ఆయన వేళ్లు రోజంతా ఏ ఇంట్లో తిరుగుతున్నాయో. నా ముక్కలో మిగిలిన కాస్త ధైర్యం కూడా ఆ క్షణాన పోయింది. బాలమణి కింద కూలబడి ఆయన మోకాలి మీద తల పెట్టింది.

“ఇల్లు లేదయ్యా. కూలగొట్టిన్రు. నేను చూసొచ్చిన.”

ఆయన వేళ్లు ఆగిపోయాయి.

“నల్లా దిక్కు గోడ?”

“అది గూడ.”

వీధిలో ఎవరో ఉల్లిగడ్డలు అమ్ముకుంటూ పోయారు. ఆ కేక దూరమయ్యేదాకా ఆయన ఆమె తల నిమిరాడు. తర్వాత మెల్లగా లేచి నిలబడి, చెయ్యి ముందుకు చాచాడు.

“బాత్రూం ఎటుందన్నవ్?”