రామి దాదీ విన్న దయ్యాల కథలు

నాయనమ్మ రామి దాదీ చనిపోయిన మూడో వారంలో గీత జనగామ గ్రంథాలయానికి వెళ్లింది. వెళ్లాలనిపించి కాదు. వస్తానని ముందే మాట ఇచ్చింది, సెలవు కూడా పెట్టుకుంది. ఇంట్లో కూర్చున్నా, బస్సులో కూర్చున్నా ఆమెకు ఒకటిగానే ఉంది.

భైరవకుమార్ పేరు వినని నవలల పాఠకుడు ఉండడు. నలభై ఏళ్లుగా దయ్యాల నవలలే రాస్తున్నాడు, రెండు వందలకు దగ్గర పడ్డాయి. ఆయన జనగామకు వస్తున్నాడని తెలిసి శ్యాం అనే స్కూలు మాస్టరు పాఠకుల సమావేశం పెట్టాడు. ఆ నవలల గురించి ఫేస్‌బుక్‌లో గీత రాసిన నాలుగు ముక్కలు చూసి, "నువ్వు సుత మాట్లాడాలె చెల్లె" అని ఫోన్ చేశాడు.

గీతది పెద్దవంగర దగ్గర ఒక తండా. భూపాలపల్లిలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. తల్లిదండ్రులు పనులకు వలసపోతే దాదీ రామి దగ్గరే పెరిగింది. దాదీకి అక్షరం రాదు, తెలుగు కూడా అంతంత మాత్రమే. అందుకే గీత పొద్దుగూకే వేళ వాకిట్లో కూర్చుని ఆ నవలలు చదువుతూ, వాక్యం వెంట వాక్యం తమ లంబాడీ భాషలోకి మార్చి చెప్పేది. దాదీ భయపడేది కాదు. "ఇదేం దయ్యమే, ఒళ్లు వంచి పని చేసేటట్టు లేదు, ఊరికే తలుపులు కొడుతుంది" అనేది. బాగుంటే మాత్రం బీడీ ఆరిపోయినా చూసుకునేది కాదు.

సమావేశంలో యాభై మంది దాకా ఉన్నారు. భైరవకుమార్ ముందు వరుసలో శాలువా కప్పుకుని కూర్చున్నాడు. సన్నగా, మామూలుగా ఉన్నాడు.

మొదట రిటైరైన లెక్చరర్ ముత్తయ్య లేచాడు. పెద్దమనిషి ముందు అనకూడదు గానీ ఇది సాహిత్యం కాదన్నాడు. ఒకటి చదివితే అన్నీ చదివినట్టే అన్నాడు. రఘునాథపల్లిలో ఆటో నడిపే నగేష్ అక్కడినుంచే అందుకున్నాడు. "సార్, నేను పదో తరగతి ఫెయిలైన. గీయన బుక్కులు లేకుంటె నేను సదువుడే మర్సిపోదును. గది లెక్కల్కి రాదా?" నర్సు గ్రేస్ మధ్యస్తంగా మాట్లాడింది. మొదట్లో రాసినవి చదివి ఇంట్లో లైటు ఆర్పలేదనీ, ఈ మధ్యవి సగంలోనే తెలిసిపోతున్నాయనీ, ముగింపు దగ్గరికి వచ్చేసరికి ఆయనకు తొందర ఎక్కువవుతుందనీ చెప్పింది. భైరవకుమార్ తల ఊపాడు. ఎన్నోసార్లు విన్న మాటలా ఉంది ఆయనకు.

గీత వింటూనే ఉంది. మాటలు చెవిదాకా వచ్చి ఆగిపోతున్నాయి.

ఆమె వంతు వచ్చింది. చెప్పాలనుకుని వచ్చిన పొగడ్త ఒక్కటీ నోటికి రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"మా దాదీకి సదువు రాదు. నేను సదువుతుంటె ఇనేది. మా పక్కింటి చత్రు కాకా మనుమడు, పసిపిల్లగాడు, జ్వరమొచ్చి సచ్చిపోయిండు. మహబూబాబాద్ దవాఖానకు తీస్కపోయిండ్రు గని బతకలె. ఆ వారమే నేను దాదీకి సార్ బుక్కు సదివి ఇనిపించిన. అట్ట మీద పుర్రె, నిమ్మకాయలు ఉన్నయి. అది సూసి తండోళ్లు, ముసలామె మంత్రాలు నేర్సుకుంటున్నదన్నరు. కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడుడు బంద్ చేసిండ్రు. నీళ్ల నల్ల కాడ ఆమె బిందె నిండి పోయేదాక ఎవ్వరు రాకపోతుండె. పెండ్లిళ్లల్ల పాటలు మొదలువెట్టేదే ఆమె. పిలుసుడు బంద్ చేసిండ్రు. మొన్న పోయింది. పాడె పట్టెటందుకు వేరే తండా నుంచి మా సుట్టాలు రావలసొచ్చింది."

మరుక్షణమే ముత్తయ్య లేచాడు. "నేను చెప్పింది గిదే. మూఢనమ్మకాలకు ఎరువు వేసే రాతలివి."

"పుస్తకమేం జేసింది సార్? చేసింది మనుషులు," అన్నాడు నగేష్.

"ఆ మనుషులకు ఊతం ఎక్కడిది?"

వెనక వరుసల వాళ్లు కూడా లేచారు. కొందరు అటు, కొందరు ఇటు. దాదీ పేరు ఎవరూ అడగలేదు. ఆ ముసలామె, ఆ లంబాడీ ముసలామె అంటూ రెండు వైపులవాళ్లూ ఆమెనే తమ వైపు సాక్ష్యానికి పిలుస్తున్నారు. గీత మైకు పట్టుకుని నిలబడే ఉంది. కోపం రావలసిన చోటు అని ఆమెకు తెలుస్తూనే ఉంది. రాలేదు.

శ్యాం అందరినీ కూర్చోబెట్టాడు. భైరవకుమార్ మెల్లగా లేచాడు.

"అమ్మా, నన్నేం చేయమంటావు?"

"ఏం వద్దు సార్. ఒకటి అడుగుత. మీ 'పాత బంగళా' నవల మూడు భాగాలు కదా. మొదటి దాంట్ల పనిమనిషి సీతాలు దీపం పట్టుకొని నేలమాళిగ తలుపు తీసి లోపలికి పోతది. మల్ల ఏ భాగంల రాదు. ఆమె ఏమైంది? నాకు నౌకరి వచ్చినంక ఫోన్ల సదివి ఇనిపిస్తుంటి, పక్కోళ్లకు ఇనపడకుండ సౌండు తక్కువ పెట్టుకొని ఇనేది మా దాదీ. ప్రతిసారి గదే అడిగేది."

ఆయన చుట్టూ చూశాడు.

"గుర్తు లేదమ్మా," అన్నాడు. "నెలకొకటి రాసిన రోజులవి. సీతాలు అనే మనిషిని రాసినట్టే గుర్తు లేదు."

గ్రేస్ తన ఒడిలోకి చూసుకుంటూ కూర్చుంది.

"మీ దాదీ ఏమనుకునేది?" అని ఆయనే అడిగాడు.

"వెనక దర్వాజ నుంచి బయటకొచ్చి, మిరపకాయలు ఏరెటందుకు కూలికి పోయి ఉంటదనేది. బంగళాల ఎవ్వరు ఆమెను ఎతకలేదు కదా, మల్లెందుకు వస్తదనేది."

భైరవకుమార్ కళ్లలో చిన్న మెరుపు కదిలింది. చెయ్యి జేబులోని పెన్ను వైపు వెళ్లింది. "చాలా బాగుంది. నేను ఇది రాసుకోవచ్చా? ఆవిడ పేరు వేస్తాను."

"వద్దు సార్," అంది గీత. "గది మా దాదీది."

మైకు శ్యాం చేతికిచ్చి వచ్చి కూర్చుంది. తరువాత ఇంకా కొందరు మాట్లాడారు. శాలువాలు, ఫొటోలు అయ్యాయి. బయట గ్రేస్ దగ్గరికొచ్చి, "ఏమన్న తిన్నవా బిడ్డా?" అని అడిగింది. తిన్నట్టు గీతకు గుర్తు లేదు. ఇద్దరూ బస్టాండు దాకా నడిచారు.

తరువాతి ఆదివారం గీత తండాకు పోయింది. ఇల్లు ఊడ్చి తాళం వెయ్యాలి. మూలనున్న బొంతలు తెచ్చి ఎండలో వేస్తుంటే పక్కింటి చత్రు కాకా వచ్చి వాకిలి బయట నిలబడ్డాడు. లోపలికి రానా అని అడగలేదు. ఆమె రమ్మనలేదు, పొమ్మనలేదు. కొంతసేపటికి వచ్చి గడప దగ్గర నేల మీదే కూర్చున్నాడు.

"పిల్లగానికి డెంగీ అని చెప్పిండు డాక్టర్," అన్నాడు తమ భాషలోనే. "అప్పుడే చెప్పిండు. నాకు తెలుసు."

గీత బొంత దులుపుతూ ఆగింది.

"మరి ఎందుకన్నవు కాకా?"

"నేను అనలేదు. అన్నోళ్లను కాదనలేదు." చేతులు చూసుకున్నాడు. "డెంగీని ఏమంటం బిడ్డా? కొట్టరాదు, తిట్టరాదు. పిల్లగాడు పోయిండు. ఎవరో ఒకరు చేసిండ్రంటె జర ఓర్సుకునేటట్టుండె."

అతను ఏడుస్తున్నాడు. గీతకు ఏడుపు రాలేదు. అతని మీద జాలి పుట్టలేదు, కసి కూడా పుట్టలేదు. ఎండకు అతని పెదవులు ఎండిపోయి ఉండటం మాత్రం కనిపించింది. చెంబుతో నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. చత్రు ఆ చెంబును చూసి, రెండు చేతులతో ఎత్తి, ఆగకుండా తాగాడు.

"ఇంకా కావాల్నా?" అంది.

తల అడ్డంగా ఊపాడు. లేచి, ఎండలో ఉన్న బొంతల్లో ఒకదాని రెండో కొస పట్టుకున్నాడు. గీత ఒక కొస పట్టుకుంది. ఇద్దరూ బొంతలన్నీ దులిపి మడత పెట్టారు.