కిర్రుమనని తలుపు

నేను ఒక తలుపును. అలాగని నా వెనక ఇల్లేమీ లేదు. హైదరాబాదులో ఒక స్టూడియో షెడ్డులో ప్లైవుడ్డు ముక్కలు అతికించి, గోధుమరంగు పూసి, పాత బంగళా తలుపని నన్ను నిలబెట్టారు. జనం నమ్మేశారు. నమ్మాలని కూర్చున్నవాళ్లకు ప్లైవుడ్డయినా టేకే.

నన్ను చేయించింది శివకోటి మార్కండేయులుగారు. గురువారం గురువారం టీవీలో వచ్చిన 'అటువైపు గది' అనే దెయ్యాల సీరియల్‌ రాసిందీ తీసిందీ ఆయనే. అందులో ఆయన దెయ్యాన్ని ఒక్కసారీ చూపించలేదు. నేను కిర్ర్ర్‌మంటూ మెల్లగా తెరుచుకునేదాన్ని, అంతే. ఊరూరా పిల్లలు దుప్పట్లలో దూరేవారు. నిజానికి నేను పుట్టి బుద్ధెరిగాక కిర్రుమన్న పాపాన పోలేదు. నా వెనక స్టూలు మీద కూర్చుని, ఊపిరి లోపలికి పీలుస్తూ, గొంతు బిగపట్టి ఆ చప్పుడు చేసింది ఆయనే. పేరు మాత్రం నాకొచ్చింది.

ఎంత భయపెట్టినా ఆయన చివర్లో నన్ను మూయకుండా ఏ వారం కథా ముగించేవారు కాదు. "తెరిచి వదిలేస్తే పిల్లలకు నిద్ర పట్టదయ్యా" అనేవారు. అంత మంచి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

సీరియల్‌ ఆగిపోయాక పోలీస్‌ స్టేషన్‌ తలుపునయ్యాను, ఆస్పత్రి తలుపునయ్యాను, చివరికి షెడ్డు మూలకు చేరాను. మొన్న ఆయన పోయారు. సంతాపసభకు నన్నూ, ఆయన స్టూలునూ హాల్లోకి తెచ్చి పెట్టి, నాకు దండ వేశారు. అంతటితో ఊరుకోక, గౌరవం కొద్దీ బందులకు నూనె కూడా పోశారు.

సభకు జమ్మికుంట నుంచి స్వరూప అనే నర్సు వచ్చింది. మైకు పట్టుకుని, "మా అమ్మ పోయినంక చీకటంటే వణికేదాన్ని. సారు ఆఖర్ల తలుపు మూసేటోళ్లు. లోపల ఏమున్నా తలుపు ముయ్యొచ్చని అప్పుడు తెలిసింది. ఇప్పుడు వార్డుల నైట్‌ డ్యూటీ ఒక్కదాన్నే చేస్త. ఆ చప్పుడు ఒక్కసారి విని పోదామని వచ్చిన" అంది.

వచ్చి నన్ను తోసింది. చప్పుడు లేదు. గగ్గోలు మొదలైంది. "నూనె ఎవడు పొయ్యమన్నాడ్రా?" అని ఒకరు, బందుల్లో ఇసుక పోద్దామని ఇంకొకరు.

ముందు వరసలోంచి ఆయన భార్య వైదేహిగారు లేచారు. "దాన్ని తిట్టకండి నాయనా. అది ఎన్నడూ మూలగలేదు. ఆ చప్పుడు ఆయన గొంతుది."

స్వరూప మొహం వాడిపోయింది. "అయితే ఇంక అది లేనట్టేనా అమ్మా?"

నాకూ దుఃఖం ముంచుకొచ్చింది. అంతలో వెనక కుర్చీలోంచి ఒక బట్టతల పెద్దమనిషి ఊపిరి లోపలికి పీల్చాడు. కిర్ర్ర్‌. చిన్నప్పుడు చెల్లెల్ని ఏడిపించడానికి నేర్చుకున్నాడట. ఆ పక్క నుంచి ఇంకొకావిడ. తర్వాత నెరిసిన జుట్లూ కళ్లజోళ్లూ అన్నీ కలిసి హాలంతా కిర్రుమంది. ఇంతమంది ఇంట్లోవాళ్లను జడిపించి పెరిగారని నాకు తెలియనే తెలియదు.

వైదేహిగారు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. "అందరూ ఒక్కసారే తెరిస్తే ఎలా? ఆయన మెల్లగా తెరిచేవారు."

ఈసారి మెల్లగా చేశారు. ఆ చప్పుడుకు తగ్గట్టే స్వరూప నన్ను తోసింది. అటువైపు ఖాళీ స్టూలు తప్ప ఏమీ లేదు. అయినా అందరూ మెడలు చాచి తొంగి చూశారు.

వైదేహిగారు ఆ స్టూలు వైపే చాలాసేపు చూశారు.

"ఇంక మూసెయ్యి తల్లీ" అన్నారు. "పిల్లలు పడుకోవాలి."