అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి

మూడు ట్రెక్కింగ్ యాత్రల వివరాలు ప్రింటు తీసి, వదిన కుట్టు మిషన్ బల్ల మీద వరసగా పరిచాను. వదిన అంటే మావారి అక్క. కింది వాటాలో ఆమె టైలరింగ్ షాపు, పై వాటాలో నేను. ఆయన పోయి ఎనిమిది నెలలైంది.

మూడు యాత్రలూ వేరే దేశంలోనివే. అన్నిటికీ గైడు ఉంటాడు, పెద్ద సామాను కంచరగాడిదలు మోస్తాయి. మొదటిది నాలుగు రోజులు, సరస్సు చుట్టూ నడక. రెండోది ఆరు రోజులు, అడవి దారి. మూడోది తొమ్మిది రోజులు. అందులో నాలుగు వేల మీటర్ల ఎత్తున ఒక కనుమ దాటాలి.

వదిన కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి చూసింది. "ఈ సరస్సుది బాగుంది. పడవలు కూడా ఉన్నాయట."

"నడవడానికి వెళ్తూ పడవెందుకు వదినా?"

"నడిచి నడిచి కాళ్ళు పడిపోతే ఎక్కడానికి."

"నాకు మూడోది కావాలి."

"మా వాడుంటే పడీపడీ నవ్వేవాడు. ఈ మేడ మెట్లకే ఆయాసపడి, మధ్య మెట్టు మీద కూర్చుని 'టీ ఇక్కడికే పంపించండి' అనేవాడు."

"అందుకే వదినా."

ఈ ఊళ్ళో ఏ మలుపు తిరిగినా ఆయనతో కలిసి తిరిగినదే. ఆయన ఎన్నడూ రాని, రావాలని కూడా అనుకోని చోట కొన్నాళ్ళు నడవాలని ఉంది నాకు. అంతకన్నా పెద్ద కారణం లేదు.

"సరే, నేనూ వస్తా," అంది వదిన.

"నీ మోకాళ్ళో?"

"ముప్ఫై ఏళ్ళు మిషన్ తొక్కిన కాళ్ళివి టీచరమ్మా! ఎవరు ముందు చతికిలబడతారో చూద్దాం."

బడి సెలవులకు సరిపోయే బృందం ఒక్కటే ఉంది. అందులో రెండే సీట్లు మిగిలాయి. శనివారం సాయంత్రం ఐదు వరకూ ఆపి ఉంచుతామని బుకింగ్ ఆఫీసువాళ్ళు చెప్పారు. శుక్రవారం ఉదయం వదిన ఫోన్‌లో ఫారం నింపడానికి కూర్చున్నాం.

'మీ శారీరక దారుఢ్యానికి పదికి ఎన్ని మార్కులు వేసుకుంటారు?' అన్నచోట నాకు ఐదు వేసుకున్నాను.

"నీకు కూడా మార్కులు కోసేస్తావేంటి!" అని వదిన తనకు తొమ్మిది వేసుకుంది. వాళ్ళిచ్చే చలికోటుకు కొలతలడిగితే టేపు తీసి, అన్నిచోట్లా రెండేసి అంగుళాలు కలిపింది. "లోపల స్వెటర్ వేసుకోవద్దూ?"

ఇంతలో నాకు బడి వేళయింది. ఆఖరి పేజీ నింపి పంపెయ్యమని ఆమెకే వదిలేసి వెళ్ళాను.

శనివారం సాయంత్రం నాలుగుంపావుకి పై వాటాలో జవాబు పత్రాలు దిద్దుతుంటే ఎక్కడో ఫోన్ మోగింది. నాది బల్ల మీదే ఉంది. మోత బీరువాలోంచి వస్తోంది. అది ఆయన ఫోన్. ప్రతి ఆదివారం దానికి చార్జింగ్ పెడుతూ ఉంటాను. ఎందుకంటే చెప్పలేను.

బీరువా తెరిచి, ఫోన్ తీసి హలో అన్నాను.

"నమస్తే అండీ, ట్రెక్ బుకింగ్ ఆఫీసు నుంచి," అంది ఒకమ్మాయి. "ఇద్దరు లేడీస్ అత్యవసరమైతే ఈ నంబరుకి చెయ్యమని రాశారు. మీరు వాళ్ళకేమవుతారు?"

"ఆ ఇద్దరిలో నేనొకరినమ్మా."

"అయ్యో! మీరు కొండ మీదుంటే, మీకు కాలు బెణికిందని మీకే ఫోన్ చేసి చెప్పాలా?" ఆ పిల్ల నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. "ఇంటి దగ్గరుండేవాళ్ళ నంబరు కావాలండీ. ఐదులోపు ఇవ్వకపోతే సీట్లు వేరేవాళ్ళకి వెళ్ళిపోతాయి."

కిందికి వెళ్ళాను. వదిన నోట్లో గుండుసూదులున్నాయి.

"ఎవరి నంబరు రాశావు వదినా?"

ఆమె సూదులు ఒక్కొక్కటీ తీసి దిండుకు గుచ్చింది. "వాడిదే. ఏ ఫారం వచ్చినా ఆ గడిలో వాడినే రాసేదాన్ని. చెయ్యి దానంతటదే రాసేసింది." తలెత్తి, "మోగిందా?" అంది.

"మోగింది."

"అదే పాటా?"

"అదే."

బయట ఎవరో స్కూటర్ స్టార్టు చేసుకుంటున్నారు. వదిన టేపు తీసి భుజాన వేసుకుంది.

"వాడే గనక ఎత్తి ఉంటే," అంది వదిన, "ఆ ఇద్దరూ ఎవరో నాకు తెలీదండీ అనేవాడు."

నిజమే. తప్పకుండా అనేవారు.

ఇప్పుడు ఎవరి నంబరివ్వాలి? నాకు వదిన, వదినకు నేను. ఇద్దరం వెళ్తే ఇక్కడ మిగిలేవాళ్ళు లేరు. ఈ ఎనిమిది నెలల్లో సాయం కావాలా అని అడిగినవాళ్ళందరికీ అక్కర్లేదనే చెప్పాను. మావారి స్నేహితుడైన మా బడి లెక్కల మాస్టారు రెండుసార్లు గుమ్మం దాకా వస్తే తలనొప్పిగా ఉందని చెప్పి పంపేశాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను?

"నాలుగున్నరైంది," అంది వదిన. "అడుగుతావా, పడవెక్కుదామా?"

ఫోన్ చేశాను. "మాస్టారూ, ఒక సాయం కావాలి."

"ఆగండాగండి, కూర్చోనివ్వండి," అన్నారాయన. "ఈ మాట మీ నోట వింటాననుకోలేదు. ఊఁ, చెప్పండి."

చెప్పాను.

"నాలుగు వేల మీటర్లా! మీ ఇద్దరికీ మతిగాని పోయిందా?"

"నంబరు ఇవ్వమంటారా, వద్దంటారా?"

"నాదిచ్చెయ్యండి. మా ఆవిడది కూడా రాసుకోండి. నేను పడుకుంటే పిడుగు పడ్డా లేవను."

ఐదుకు పది నిమిషాలుందనగా సీట్లు ఖాయమైనట్టు మెసేజ్ వచ్చింది. ఆ వెంటనే మాస్టారు ఫోన్ చేశారు. వదిన స్పీకర్ నొక్కింది.

"ఆ ఆఫీసు పిల్ల నన్ను నిలదీసింది టీచరుగారూ! వీళ్ళు నడవగలరా అంది. టీచరుగారు క్లాసులో కూర్చోగా ఎవరూ చూడలేదమ్మా అన్నాను."

"మరి నా గురించి?" అంది వదిన.

"మీరు మిషన్ ముందునుంచి లేవగా ఎవరూ చూడలేదు అక్కగారూ. ఆ సంగతి దాచాను."

వదిన పగలబడి నవ్వింది. టేపు భుజం మీంచి జారి కిందపడినా పట్టించుకోలేదు.

"మాస్టారూ, రేపు ఇంటికి రండి," అన్నాను. "దారి పటం చూద్దురుగాని."

"ఎన్నింటికి?" అన్నారాయన, నేను మాట మార్చుకునే వ్యవధి ఇవ్వకుండా.