ఆఖరి పేరా

జడ్జిగారికో అలవాటుంది. తీర్పు ఎంత పొడుగైనా సరే, ఆఖరి పేరానే ముందు చెబుతారు. ఆయన టైపిస్టుకి అది కలిసొచ్చేది. ముగింపు తెలిస్తే మిగతా పేజీలు చకచకా కొట్టేయొచ్చు. ఈ మధ్యాహ్నం మాత్రం ఆ పేరా కొడుతుంటే ఆమె వేళ్లు మొరాయించాయి. రాజ్యాంగం ఇచ్చిన జీవించే హక్కు గర్భంలోని పిండానికీ ఉందట. ఏ కారణం చెప్పినా గర్భం తీయించుకునే హక్కు తల్లికి లేదట. దేశమంతా ఎదురుచూస్తున్న ఈ తీర్పు రేపు ఉదయం కోర్టులో చదవగానే అమలు. కడుపులో చల్ల కదలకుండా కుర్చీలో కూర్చుని ఎంత మాట అనేశాడు పెద్దమనిషి!

ఆమె చెల్లెలు ఆసుపత్రిలో ఉంది. అయిదో నెలలోనే ఉమ్మనీరు పోయింది. బిడ్డ గుండె ఇంకా కొట్టుకుంటోంది గానీ బతకదని, ఆలస్యమైతే తల్లి ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ పొద్దున చెప్పింది. ఇప్పటి చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి సాయంత్రం తీసేస్తానంది.

తీర్పు ముందే బయటపెడితే ఉద్యోగం ఊడుతుంది, జైలు కూడా తప్పదు. అయినా మనసు నిలిస్తేగా! తలనొప్పని చెప్పి లేచి, ఆసుపత్రికి వచ్చి పడింది. డాక్టరమ్మ అప్పటికే గ్లవ్స్ తొడుక్కుంటోంది. నోరు మూసుకుని ఓ మూల కూర్చుంటే సరిపోయేది. ఉండబట్టలేదు పిచ్చితల్లికి.

"ఇవాళే అయిపోవాలి డాక్టరుగారూ. రేపటికి మాత్రం పెట్టకండి."

"ఇప్పుడే చేస్తున్నాగా. రేపేముంది?" అంటూ నవ్వబోయిన డాక్టరమ్మ చూపు ఆమె మెడ దగ్గర ఆగిపోయింది. కోర్టు గుర్తింపు కార్డు వేలాడుతోంది. హడావిడిలో తీసి సంచిలో వేసుకోవడం మరిచిపోయింది.

డాక్టరమ్మ మొహంలో రంగు పోయింది. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇవాళ చేసినవాళ్లనీ పట్టుకుంటారా?"

టైపిస్టుకి తెలియదు. మిగతా పేజీలు ఆయన ఇంకా చెప్పలేదు.

ఆ మాటే చెప్పగానే డాక్టరమ్మ గ్లవ్స్ తీసేసింది. లాయరుతో మాట్లాడాలంది, తనకీ పిల్లలున్నారంది. చేతులు పట్టుకుని బతిమాలినా వినిపించుకోకుండా వెళ్లిపోయింది. టైపిస్టు తన నోటితో తనే కొంప ముంచుకుంది.

గదిలోకి వెళ్తే చెల్లెలు కళ్లు తెరిచింది.

"ఏమందక్కా?"

"రేపు చూద్దామంది."

"పోన్లే. రేపు తీర్పుంది కదా. మీ జడ్జిగారు మంచివారంటావుగా ఎప్పుడూ."

టైపిస్టు ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. ఒళ్లు కాలిపోతోంది.